చిన్న పడవకు తేలిక గాలము



గాలముతో చేపను పట్టుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. సంస్కృత నిఘంటువులలో గాలమునకు బడిశమను పేరు కలదు. ఎర కాశపడి గాలమును మ్రింగు మీనము మన కవులకును, వేదాంతులకును తరతరములుగా చేతి కందిన యుపమానము. కల్యాణమును రాజధానిగా చేసికొని యేలిన చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమను గొప్ప సంస్కృత గ్రంథమును వెలయించెను. అందు మత్స్యవినోదమను ప్రకరణము ప్రత్యేకముగా నున్నది. ఏ జాతి చేప యేమి తినును, దారమెట్లుండవలెను, కర్ర యెట్లుండవలెను అను విషయములను ఒక మహారాజు శ్రద్ధతో చెప్పెనన్నచో, ఇది పనిలేని వారి పని యని త్రోసివేయుటకు వీలులేదు.

అయితే నేను నేడు చెప్పబోవునది పాత వెదురుకర్రను గూర్చి కాదు. కర్ర పిడిపై నొక చిన్న రాట్నము బిగించి, దానినుండి దారము పరుగెత్తునట్లు ఎరను దూరముగా విసరు సాధనమును గూర్చి. ఆ రాట్నమును రీలు అందురు. అందులో ఎర విసరుటకై పుట్టిన జాతిని బెయిట్‌కాస్టరు అందురు. ఇప్పుడు మన జలాశయములలో చిన్న పడవలపై పిల్లవాండ్రు దీనిని పట్టుకొని కూర్చుండుట తరచుగా కనబడుచున్నది. పట్టణమున నుద్యోగము చేయు మనుమలు సెలవులకు వచ్చి, "తాతా, పెద్దది కొందునా, చిన్నది కొందునా?" యని యడుగుచున్నారు. అంగడివాడు వెల చూచి చెప్పును. వెల యొక్కటియే చూచినచో చాలదు. ఈ సాధనములోని ప్రతి భాగమును ఎవనికో యొకనికి కలిగిన ఇబ్బందినుండి పుట్టినదే. ఆ ఇబ్బంది యెట్టిదో తెలిసినచో మనకు కావలసిన దేదియో దానంతట అదియే తేటపడును. కావున ముందు కథ చెప్పి పిమ్మట ఎంపికకు వత్తును.

రీలు ఎక్కడ పుట్టినదో చెప్పుటకు చీనా దేశమునకు పోవలెను. దక్షిణ సుంగ్ వంశీయులు పాలించు కాలమున, సుమారు 1195 ప్రాంతమున, మా యువాన్ అను చిత్రకారుడు వ్రాసినదని చెప్పబడు పటమొకటి జపానులోని టోకియో వస్తుప్రదర్శనశాలలో నున్నది. చుట్టును శూన్యముగా కనబడు నీరు. నడుమ నొక చిన్న పడవ. అందొక్కడే మనుష్యుడు ముందునకు వంగి గాలము వేయుచుండును. వాని కర్రకు స్పష్టముగా నొక రీలు కలదు. రీలుకు దొరకు మిక్కిలి ప్రాచీనమైన చిత్రములలో నిది యొకటి. అది చిన్న పడవలోనే కనబడుట మన ప్రస్తుత విషయమునకు చక్కగా అతికినది.

ఇంగ్లండు దేశమున 1651లో థామస్ బార్కరు అనునతడు వ్రాసిన పుస్తకములో కర్రపై దారము చుట్టు సాధనము ప్రస్తావింపబడినది. రెండేండ్లకు, అనగా 1653లో, ఐజాక్ వాల్టను తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. నాటి రీలు దారమును దాచుకొనుటకును, పెద్ద చేప లాగినప్పుడు వదలుటకును మాత్రమే పనికివచ్చెడిది. పిడి నొక్కసారి త్రిప్పిన కండె యొక్కసారియే తిరిగెడిది. కండె యనగా మన నేతపనివారు నూలు చుట్టు కండె వంటిదే యనుకొనుడు. 18వ శతాబ్దమున లండను నగరమున పండ్లచక్రములను గూర్చి, పిడి యొకసారి త్రిప్పిన కండె పెక్కుసార్లు తిరుగు రీళ్లను చేసి యమ్మిరి. కాని యా చక్రముల పని మోటు. పెద్ద చేప తగిలిన పండ్లు విరిగెడివి. అక్కడివారు దానిపై విసుగు చెంది మరల సాదా రీలునే మెచ్చుకొనిరి. మంచి యూహకు తగిన పనివాడు దొరకనిచో దాని గతి యంతే.

ఆ పనివాడు అమెరికాలో దొరికెను. కెంటకీ రాష్ట్రమున పారిస్ అను చిన్న పట్టణము కలదు. ఫ్రాన్సు రాజధాని పేరే గాని యిది పల్లెటూరికి కొంచెము పెద్ద. అందు జార్జి స్నైడరు అనునతడు గడియారములు బాగుచేయుచు, వెండిపని చేయుచు జీవించెడివాడు. ఆ ప్రాంతపు వాగులలో బాస్ అను చేప విస్తారము. అది రాళ్ల నీడలలో పొంచియుండి చిన్న చేపలను మ్రింగును. మన కొర్రమీనువలె వేటాడి తిను జాతి యని తెలిసికొన్న చాలును. దానికి ప్రాణముతోనున్న చిట్టిచేపయే సరియైన ఎర. ఆ చిట్టిచేప బరువెంత? తులమునకు అటో ఇటో. గట్టిగా విదలించి విసరినచో గాలమునుండి యూడిపోవును. మెల్లగా విసరినచో మొద్దు రీలు కదలదు. ఇదియే స్నైడరునకు ఎదురైన చిక్కు.

ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపుడు. బరువైన వస్తువును విసరినచో అది తనవెంట దారమును ఈడ్చుకొని పోగలదు, కండె బరువైనను లాగి త్రిప్పగలదు. తేలిక వస్తువునకు అట్టి శక్తి లేదు. కావున కండె తేలికగా నుండవలెను, ఇరుసు సన్నముగా నుండవలెను, ఇరుసు తిరుగు రంధ్రము నునుపుగా నుండవలెను, పండ్లచక్రములు వెండ్రుకవాసి తేడా లేకుండ కలియవలెను. ఇట్టి పని కమ్మరికి గాని కంచరికి గాని అలవాటు లేదు. గడియారపు పనివానికి అది దినకృత్యము. 19వ శతాబ్దపు తొలి రెండు దశాబ్దములలో స్నైడరు చేసిన ఇత్తడి రీళ్లు ఆ ప్రాంతమున పేరుపొందెను. ఒకసారి త్రిప్పినచో కండె నాలుగుసార్లు తిరుగు ఈ తరహా రీలునకే తరువాత కెంటకీ రీలను పేరు స్థిరపడినది.

ఆ పిమ్మట అదే రాష్ట్రమున ఫ్రాంక్‌ఫర్టు పట్టణమునందలి జోనాథన్ మీక్, అతని సోదరుడు బెంజమిన్ మీక్ ఈ పనిని పైకి తెచ్చిరి. వారును గడియారపు పనివారే. వారియొద్ద పని నేర్చిన బెంజమిన్ మైలమ్ మరియొక పేరుగల పనివాడయ్యెను. వారి రీళ్లలో ప్రతి మరచీలకును దాని రంధ్రమునకును ఒకే అంకె చెక్కియుండును. ఒక రంధ్రమునకు చేసిన చీల మరియొక రంధ్రమునకు పట్టదన్నమాట. నేడు యంత్రము లక్షల చీలలను ఒకే తీరున పోసి యిచ్చుచున్నది. నాడొక్కొక్క చీల యొక్కొక్క మనుష్యుని వ్రేళ్లలో పుట్టెను. శతాబ్దము దాటిన ఆ రీళ్లను ఇప్పటికిని సేకరించువారు పదిలముగా దాచుకొనుచున్నారు.

రీలు తేలికగా తిరుగుట మొదలుపెట్టగనే క్రొత్త కష్టము వచ్చినది. రాట్నపు చక్రమును గట్టిగా త్రిప్పి చేయి తీసినచో అది కొంతసేపు తనంత తాను తిరుగును గదా. అట్లే ఎర నీటిని తాకి ఆగినను కండె ఆగదు. దారము బయటికి పోవు దారి లేక లోపలనే వదులై, ఉండలు ఉండలుగా చిక్కుపడును. ఆంగ్లేయులు దీనిని పిట్టగూడు అని పరిహసింతురు. దీనికి మొదటి మందు మనుష్యుని బొటనవ్రేలు. దారము పరుగెత్తుచుండగా వ్రేలిని కండెపై మృదువుగా నాన్చి, ఎర నీటిని తాకు క్షణమున అదిమిపట్టవలెను. తరువాత ఎన్ని యుపాయములు పుట్టినను వ్రేలి పని పూర్తిగా తప్పలేదు. వీణ వాయించువానికి వ్రేలి స్పర్శ యెట్టిదో దీనికి నిది యట్టిది. పుస్తకము చదివినందున వచ్చునది కాదు.

రీలు మారగా కర్రయు మారెను. అమెరికాలో కర్రలు చేయువారు చీల్చిన వెదురు బద్దలను అతికి సన్నని గట్టి కర్రలను చేయ నేర్చిరి. ఆ వెదురు మొదట మన దేశమునుండి పోయినది. దానిని వారు కలకత్తా వెదురనిరి. 20వ శతాబ్దమున చీనా వెదురు దాని స్థానమును ఆక్రమించినది. 1881లో జేమ్స్ హెన్షాల్ అను వైద్యుడు బాస్ చేపను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించి, మిక్కిలి పొడవైన కర్రలు వలదనియు, 8 అడుగుల 3 అంగుళముల తేలిక కర్ర చాలుననియు వాదించెను. ఆ శతాబ్దము ముగియులోపలనే చికాగో ప్రాంతపువారు దానిని ఇంకను తగ్గించి ఆరడుగుల దరిదాపునకు తెచ్చిరి. ప్రక్కనుండి కాక, తలమీదుగా విసరు పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. ఈ రెండు మార్పులను గుర్తుంచుకొనుడు. పడవ మాట వచ్చినప్పుడు ఇవియే మనకు ముఖ్యము.

మిషిగను రాష్ట్రమునందలి కలమజూ నగరమున విలియం షేక్స్‌పియరు అనునతడు 1897లో రీళ్ల వ్యాపారమును స్థాపించెను. నాటకకర్త కాదు సుమా, పేరు మాత్రమదే. దారము కండెపై ఒకచోట గుట్టగా పడక ఇటునుండి అటు సమముగా చుట్టుకొనునట్లు చేయు ఏర్పాటు ఆయన రీళ్లవలన ప్రసిద్ధి కెక్కినది. ఈ సౌకర్యమునకును వెల యున్నది. విసరునప్పుడు ఆ యేర్పాటు దారమునకు కొంత ఆటంకము కలిగించును. ఎర తేలికైన కొలది ఆ యాటంకము బాగుగా తెలియును.

ఇక స్వీడను దేశపు కథ వినుడు. స్వాంగ్‌స్టా అను గ్రామమున 1921లో ఆబూ అను కర్మాగారము స్థాపింపబడెను. ఆ పేరునకు మూలము గడియారముల కర్మాగారమను అర్థముగల మాట. వారు జేబు గడియారములు చేసిరి, తరువాత బాడుగకార్లకు దూరము లెక్కించు మీటర్లు చేసిరి. రెండవ ప్రపంచ యుద్ధమున పెట్రోలు కరవై ఆ మీటర్ల నడుగువారు లేకపోగా రీళ్ల పనికి తిరిగిరి. 1952లో వారి అంబాసడర్ రీలు వెలువడి లోకమంతట వ్యాపించెను. కెంటకీ గడియారపు పనివాడు మొదలుపెట్టిన పని స్వీడను గడియారపు పనివారి చేతికి వచ్చుట నాకు మిక్కిలి సంతోషము కలిగించు సంగతి. 1970ల దశకమున జపానులో సైకిళ్ల చక్రభాగములకు పేరుపొందిన షిమానో కర్మాగారమువారు, అమెరికావాడగు లూ చిల్‌డ్రె యొక్క కోరికపై, అరచేతిలో ఇమిడిపోవు చదునైన రీలును చేసిరి. నేడు మన అంగళ్లలో కనబడు రీళ్లలో పెక్కింటి రూపము దానినుండి వచ్చినదే. అయస్కాంతముతో కండె వేగమును తగ్గించు ఏర్పాటు తరువాతి దశకమున వ్యాపించినది.

దారము మాట రెండు ముక్కలలో చెప్పుదును. పట్టుదారమును ప్రతి సాయంకాలము విప్పి ఆరవేయవలసి యుండెడిది, లేనిచో కుళ్లెడిది. 1938లో నైలాను లోకమునకు ప్రకటింపబడిన పిమ్మట ఆ శ్రమ తీరెను.

మన చెన్నపురి రాజధానియందును ఈ విద్యను శ్రద్ధగా పరిశీలించినవాడొకడు కలడు. హెన్రీ సల్లివన్ థామస్ అను సివిల్ ఉద్యోగి మంగళూరు ప్రాంతమున పనిచేయుచు 1873లో మన దేశపు గాలపు వేటను గూర్చి యొక గ్రంథమును, 1887లో ప్రత్యేకముగా చెరువులలో గాలము వేయుటను గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను. పరదేశి యైనను మన చెరువు నీటిని, మన చేపల యలవాట్లను కన్నులార చూచి వ్రాసినవాడు. మన నీటికి మన చేపలను బట్టియే సాధనము నేర్పరచుకొనవలెనను బుద్ధి యాయన కుండెను. అంగడివాడు చూపు అమెరికా బొమ్మలను చూచి మురియు మన కుర్రవాండ్రకు ఆ బుద్ధి కొంత యెరువు తెచ్చి యివ్వదగినది.

ఇక ఎంపిక. నాయొద్ద చదువుకొన్న యొక శిష్యుడు సముద్రపు టొడ్డున విసరుటకు తగిన పదడుగుల కర్రయు, బరువైన రీలును కొని జలాశయమునకు పోయెను. అంత పొడవు కర్రను కూర్చుండి విసరుటకు వీలులేదు. నాటుపడవలో లేచి నిలిచెను. విసరిన ఊపునకు పడవ ఒరిగి ఇద్దరును నీటిలో పడిరి. అతనికి ఈత వచ్చును, తోడువచ్చిన వానికి రాదు. సమీపమున వల వేయుచున్న జాలరి యొకడు చూచి తీసినందున రెండవవాడు బ్రదికెను. పోయిన కర్ర వెల యెంతయని అతనిని అందరును అడిగిరి. కర్ర పొడవెంతయని ఎవరును అడుగలేదు.

కావున మొదటి మాట: చిన్న పడవలో కూర్చుండి విసరుటకు తగినదే సరియైన కర్ర. ఆరు లేక ఆరున్నర అడుగులు చాలును. చికాగోవారివలె తలమీదుగా విసరినచో గాలము పైనుండి పోవును. ప్రక్కవాటుగా విసరినచో తోడివాని చెవిమీదుగానో కంటిమీదుగానో పోవును. దూరము తక్కువ గదా యని సందేహింపవలదు. ఒడ్డున నున్నవానికి దూరము కావలెను. పడవలోనివాడు చప్పుడు చేయక చేప దగ్గరకే పోగలడు. వానికి కావలసినది గురి.

రెండవది ఎర బరువు. కర్ర కొనుటకు ముందే నీవు వేయు ఎర యెంత బరువో నిశ్చయించుకొనవలెను. జనులు దీనిని తలక్రిందులుగా చేయుచున్నారు. మంచి కర్రలపై పిడికి పైభాగమున అది మోయు ఎర బరువును, దారపు బలమును అచ్చువేసి యుండును. తేలిక పనికి 7 గ్రాములనుండి 14 గ్రాములవరకు వ్రాసియున్న కర్ర తగును. తులము సుమారు 11.7 గ్రాములు గనుక అరతులమునకు పైన, తులమునకు కొంచెము మీద యనుకొనుడు. దానికి 4 కిలోలు మొదలు 5 కిలోల బరువు నోర్చు నైలాను దారము చాలును. 5 గ్రాములకు లోబడిన ఎరయే నీకు ప్రధానమైనచో ఈ జాతి రీలు మొదట నేర్చువానికి తగదు. అంత తేలిక పనికి లోతులేని ప్రత్యేకపు కండెలు గల రీళ్లను జపానువారు చేయుచున్నారు గాని, వానికి వెలయు, నేర్పును అధికము. 1905లో ఇల్లింగ్‌వర్తు అను ఇంగ్లీషు మిల్లు యజమాని హక్కుపత్రము పొందిన మరియొక జాతి రీలు కలదు. అందు కండె తిరుగదు, దారము దాని అంచుమీదుగా జారిపోవును. అట్టి తేలిక ఎరలకు ఎక్కువమందికి అదియే సుఖము. నిజము చెప్పవలె గదా.

రీలు విషయమున బరువు, నునుపు చూడుడు. కండెను వదలి వ్రేలితో చిన్నగా తట్టినచో గరగర లేక చాలసేపు తిరుగవలెను. పిడి ప్రక్కన చిన్న మరబిళ్ల యుండును. ఎరను కట్టి వ్రేలాడదీసి, అది మెల్లగా దిగి నేలను తాకినంతనే కండె ఆగునట్లు ఆ బిళ్లను బిగింపవలెను. ఎర మార్చినప్పుడెల్ల ఈ పరీక్ష మరల చేయవలెను. బరువైన రీలు బలమైనదను భ్రమ మనవారిలో గట్టిగా నాటుకొన్నది. తేలిక కర్రపై బరువైన రీలు బిగించినచో మణికట్టు గంటలో నొచ్చును, ఎర పోవలసిన చోటికి పోదు.

తేలిక దారమున పెద్ద చేప తగిలిన తెగదా యని మీరడుగవచ్చును. చేప గట్టిగా లాగినప్పుడు దారమును బిగువుతో వదలు ఏర్పాటు రీలులో నున్నది. దీనిని డ్రాగు అందురు. దారపు బలములో నాల్గవవంతు లాగుడుకు అది జారునట్లు స్ప్రింగుత్రాసుతో సరిచూచుకొనుడు. మరియొక రహస్యము చిన్న పడవలోనే యున్నది. చేప లాగినప్పుడు పడవయే కొంచెము కొంచెముగా దానివెంట పోవును. ఒడ్డున గట్టిగా నిలిచినవానికి ఈ సహాయము లేదు. కర్ర వంగును, రీలు వదలును, పడవ నడచును. ఈ మూడును పంచుకొనగా దారముపై పడు భారము తగ్గును.

అయితే గుర్రపుడెక్క, తామర దట్టముగా నల్లుకొన్న చోట కొర్రమీనును పట్టుటకు ఈ తేలిక గాలము పనికిరాదు. అచ్చట చేపను వెంటనే పైకి లాగవలెను, వదలినచో తీగలలో చుట్టుకొని దారమును త్రెంపుకొని గాలముతోనే పోయి బాధపడును. తెరపి నీటికే తేలిక గాలము. అంతేకాక, మన చెరువులలో పెక్కింటియందు మత్స్యకారుల సహకార సంఘములకు హక్కు కలదు. వారు పిల్లచేపలను కొని విడిచి పెంచుకొన్న నీరది. వారి యనుమతి లేక వినోదమునకని గాలము వేయుట తగదు. తెగిన నైలాను ముక్కలను నీటిలోగాని గట్టుపైగాని విడువరాదు. అవి కుళ్లవు. కొంగల కాళ్లకు చుట్టుకొనును.

క్రొత్త సాధనము చేతికి రాగానే పడవ నెక్కవలదు. పంట యింటికి వచ్చిన పిమ్మట కళ్లము ఖాళీగా నుండును. గాలమును తీసివేసి తులము సీసపుగుండు మాత్రము కట్టి, ఇరువది అడుగుల దూరమున నొక గంపను పెట్టి, పీటపై కూర్చుండి తలమీదుగా విసరుడు. మొదటి దినము చిక్కులు విప్పుటతోనే సరిపోవును. వ్రేలు మెల్లమెల్లగా నేర్చుకొనును. పదిమార్లు విసరినచో ఆరుమార్లైనను గుండు గంపలో పడునప్పుడు గాలము కట్టుకొని, ఈతవచ్చిన తోడువానిని వెంటబెట్టుకొని, గాలిలేని ఉదయమున పడవ నెక్కవచ్చును.